మొదటి మాత్ర వార్డులోనే మింగించాలి

పోయినవాడి పేరు ఇక్కడ రాయం. రాయకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. చట్టం లేకపోయినా రాయం, ఎందుకంటే రేపు బడిలో అతని పిల్లల పక్కన ఎవరు కూర్చుంటారో, ఎవరు లేచిపోతారో మాకు తెలుసు. అతను కూలిపని చేసుకునేవాడు. ఆగని విరేచనాలు, జ్వరంతో మనిషి సగమైపోయి పెద్దాసుపత్రిలో చేరాడు. పరీక్షలో పాజిటివ్ అని తేలింది. ఒంటికి రోగాన్ని ఎదిరించే శక్తినిచ్చే సీడీ4 కణాలు 50 కూడా లేవు. సెలైన్ ఎక్కించారు, టీబీ మందు మొదలుపెట్టారు. జ్వరం దిగగానే, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళి మందులు తెచ్చుకోమని ఒక చీటీ రాసి డిశ్చార్జి చేశారు. అతను సెంటర్‌కి చేరలేదు. ఊరు చేరి మంచం పట్టి పోయాడు.

అందుకే ఈ కరపత్రం. మేమడిగేది ఒక్కటే. ఆసుపత్రిలో ఉండగా హెచ్‌ఐవీ బయటపడిన ప్రతి రోగికీ ఆ వార్డులోనే, డిశ్చార్జికి ముందే ఏఆర్‌టీ మొదలుపెట్టాలి. ఆగాల్సిన కారణం ఉన్నవాళ్ళ సంగతి కింద చెప్పాం; మిగతావాళ్ళకి వారం దాటకూడదు.

ఆ చీటీ గురించి కాస్త చెప్పుకుందాం. దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నారు? లేచి నిలబడితే కళ్ళు తిరిగే మనిషి చేతిలో. నిన్నగాక మొన్న తనకేముందో తెలిసి, భార్యకి ఎలా చెప్పాలో తోచక పైకప్పు చూస్తూ పడుకున్న మనిషి చేతిలో. అతను ఇంటికి పోయి, నాలుగు రోజులకో వారానికో ఓపిక తెచ్చుకుని, మళ్ళీ బస్సెక్కి రావాలి. విరేచనాలతో రెండు గంటల బస్సు ప్రయాణమంటే ఏమిటో చీటీ రాసినవాళ్ళకి తెలియదు. వచ్చాక మళ్ళీ ఓపీ లైను. అక్కడినుంచి ఏఆర్‌టీ సెంటర్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ తలుపు ఏమిటో ఊళ్ళో అందరికీ తెలుసు కనుక దారి అడగడానికి కూడా నోరు రాదు. మాలో చాలామంది మొహానికి కొంగు కప్పుకుని ఆ తలుపు ముందు నిలబడ్డవాళ్ళమే. లోపలికి వెళ్ళాక ఆధార్ జిరాక్స్ ఏది, ఫొటోలేవి, తోడు ఎవరొచ్చారు అని అడుగుతారు. తోడు! ఇంట్లో ఎవరికీ చెప్పనివాడు ఎవర్ని తీసుకొస్తాడు? మధ్యాహ్నం దాటితే సోమవారం రమ్మంటారు. రక్తం మళ్ళీ తీయాలంటారు. పది రోజుల కిందట ఇదే ప్రాంగణంలో తీసిన రక్తం, ఇదే ప్రాంగణంలో చేసిన పరీక్ష. క్రియాటినిన్, హిమోగ్లోబిన్, ఎక్స్‌రే, కఫం పరీక్ష అన్నీ కేస్ షీట్‌లో ఉన్నాయి. కేస్ షీట్ మాత్రం రికార్డు రూమ్‌లో ఉంది.

ఏఆర్‌టీ సెంటర్ వేరే ఊళ్ళో ఉంటే ఇక చెప్పేదేముంది. కూలి పోతుంది, చార్జీలు పోతాయి. ఒకసారి తిరిగి వచ్చేసినవాడు రెండోసారి వెళ్ళడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని పడుకుంటాడు. రిజిస్టర్‌లో అతని పేరెదురుగా రిఫర్ చేశాం అని రాసి ఉంటుంది. పంపినవాళ్ళ పని అక్కడితో అయిపోయింది.

షుగర్ కొత్తగా బయటపడ్డ రోగికి వార్డులోనే ఇన్సులిన్ వేస్తారు. టీబీ అని తేలితే వార్డులోనే మందు ఇస్తారు. పైన చెప్పిన కూలీకీ ఇచ్చారు. హెచ్‌ఐవీ మందు దగ్గరకొచ్చేసరికే చీటీ ఎందుకు? కాన్పు గదిలో నొప్పులు పడుతున్న తల్లికి పాజిటివ్ అని తెలిస్తే అక్కడికక్కడే మందు మొదలుపెడతారు. 2014 నుంచి పాజిటివ్ గర్భిణులందరికీ సీడీ4తో పనిలేకుండా జీవితకాలం మందు ఇస్తున్నారు. ఆ గదిలో జరిగే పని, ఒక అంతస్తు పైనున్న మెడికల్ వార్డులో ఎందుకు జరగదు? బిడ్డకి సోకకూడదని ఆమెకి వెంటనే ఇచ్చారు, మంచిదే. మగ కూలీ మాత్రం తాను బతకడానికి వారాలు ఆగాలా?

ఈ దేశంలో హెచ్‌ఐవీ రోగులకి ఆగడం కొత్త కాదు. 1986లో చెన్నైలో తొలి కేసులు బయటపడ్డాయి. ప్రభుత్వం ఉచితంగా మందు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మధ్యలో పద్దెనిమిదేళ్ళు. ఇచ్చినా సీడీ4 200కి పడిపోయేదాకా ఆగమన్నారు. తర్వాత 350 అన్నారు, ఆపైన 500 అన్నారు. 201 ఉన్నవాణ్ణి వెనక్కి పంపితే మళ్ళీ వచ్చేది స్ట్రెచర్ మీదే. 2015లో 35 దేశాల్లో జరిగిన స్టార్ట్ పరిశోధన, ఆగడంలో ఏ లాభమూ లేదని తేల్చేసింది. 2017లో మన కేంద్ర ప్రభుత్వం సీడీ4 ఎంతున్నా అందరికీ మందు అని ప్రకటించింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడు రోజుల్లోపు మొదలుపెట్టమంది, సిద్ధంగా ఉన్నవాళ్ళకి అదే రోజు ఇమ్మంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, అంకె గడప తీసేశారు గానీ వార్డుకీ సెంటర్‌కీ మధ్య గడప అలాగే ఉంచారు. ఇప్పుడు జనం దాని మీద పడి చస్తున్నారు.

మందు లేదా? ప్రపంచంలో పేదదేశాలు వాడే హెచ్‌ఐవీ మందులో పెద్దభాగం భారతదేశంలో తయారవుతుంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న అరబిందో, హెటిరో కంపెనీలు వాటిని దేశదేశాలకి పంపుతున్నాయి. టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ కలిపిన మాత్రని పేదదేశాలకి మనిషికి ఏడాదికి దాదాపు 75 డాలర్లకి ఇస్తామని 2017లో ఒప్పందం కుదిరింది. నెలకి అప్పటి లెక్కలో 400 రూపాయలు. వార్డులో ఎక్కించే కొన్ని యాంటీబయాటిక్స్ ఖర్చు ఒక్క రోజులో దాన్ని దాటిపోవచ్చు. మన నేల మీద తయారైన మాత్ర ఆఫ్రికాలో పల్లె దాకా వెళ్ళగలిగింది. మన పెద్దాసుపత్రిలో కింది గది నుంచి పై వార్డుకి ఎక్కలేకపోయింది. ఇది సిగ్గుపడాల్సిన విషయం. మెత్తగా చెప్పే మాట మా దగ్గర లేదు.

రోగి మనసు సిద్ధపడాలి, కౌన్సెలింగ్ పూర్తి కావాలి, లేకపోతే మధ్యలో మానేస్తాడు అంటారు. దక్షిణాఫ్రికాలో ఈ అనుమానాన్నే పరీక్షించి 2016లో ఫలితాలు వెల్లడించారు. తొలిరోజే మందు ఇవ్వజూపిన గుంపులో 97 శాతం మంది 90 రోజుల్లోపు మొదలుపెట్టారు, మామూలు పద్ధతిలో 72 శాతం. పది నెలల తర్వాత వైరస్ అదుపులో ఉన్నవాళ్ళు కూడా తొలి గుంపులోనే ఎక్కువ. మనసు ఎప్పుడు సిద్ధపడుతుందో మందు మింగుతున్న మమ్మల్నడగండి. నాలుగు ముద్దలు లోపలికి పోయి, కాళ్ళ మీద నిలబడగలిగిన రోజున సిద్ధపడుతుంది.

ఐరిస్ వస్తుందంటారు, అంటే మందు పడగానే ఒంట్లో తిరుగుబాటు, జ్వరం, గడ్డలు ఉబ్బడం. వస్తుంది, కాదనం. కంబోడియాలో టీబీ ఉండి సీడీ4 200 మించని 661 మంది మీద జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. టీబీ మందు తర్వాత రెండు వారాలకి ఏఆర్‌టీ ఇచ్చిన 332 మందిలో 59 మంది చనిపోయారు. ఎనిమిది వారాలు ఆపిన 329 మందిలో 90 మంది చనిపోయారు. తొందరగా ఇచ్చినవాళ్ళకి ఐరిస్ ఎక్కువే వచ్చింది, చావులు మాత్రం తగ్గాయి. ఐరిస్ వస్తే చూసుకోవడానికి ఆసుపత్రి మంచం కన్నా మంచి చోటు ఎక్కడుంది?

ఆగాల్సిన చోట ఆగాలి. మెదడుకి టీబీ, క్రిప్టోకాకల్ మెనింజైటిస్ ఉన్నవాళ్ళకి కొన్ని వారాలు ఆగడమే ప్రాణరక్ష. తలనొప్పి, మెడ పట్టేయడం చూసి, క్రిప్టోకాకల్ యాంటిజెన్ పరీక్ష చేసి ఆ కొద్దిమందిని వేరుచేయండి. ఆ కొద్దిమంది పేరు చెప్పి వార్డంతా ఆపకండి. మామూలు టీబీకి రెండు వారాల్లోపు ఏఆర్‌టీ కలపాలి. వారంలోపే డిశ్చార్జి చేయాల్సివస్తే ఏ తేదీన మొదలో రాసి, మాత్రలు చేతికిచ్చి, ఆ రోజు ఫోన్ చేయండి. రిఫాంపిసిన్ వాడుతుంటే డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఇంకో పూట అదనం. వేరే జబ్బులు సోకకుండా ఇచ్చే సెప్ట్రాన్ మాత్ర అయితే తొలిరోజు నుంచే ఇవ్వచ్చు.

సిబ్బంది లేరన్న మాట మేం వినం. ఏఆర్‌టీ డాక్టర్, కౌన్సెలర్ రోజుకోసారి మెట్లెక్కి మంచం దగ్గరికి రావడానికి కొత్త పోస్టులు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ అక్కడే చేయండి. తోడు మనిషి, చిరునామా కాగితం లేవని మందు ఆపకండి. మంచానికి కర్టెన్ వేసి మాట్లాడండి. ఇంటికి పంపేటప్పుడు నెల మాత్రలు చేతికివ్వండి. వారం తర్వాత ఫోన్ చేసే బాధ్యత ఒక మనిషి పేరున రాసిపెట్టండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి వైద్యం నిరాకరించడం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న ఆ 2017 చట్టం ప్రకారం నేరుగా వివక్ష. చీటీ ఇచ్చి సాగనంపడం మా లెక్కలో నిరాకరణే.

ఈ డిమాండ్లతో సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌కి వెళుతున్నాం. వచ్చేవాళ్ళు పది గంటలకల్లా గేటు దగ్గర ఉండండి. మొహం చూపించడం ఇష్టం లేనివాళ్ళు అర్జీ మాకు పంపండి, పేరు లేకుండా ఇస్తాం. మీవాళ్ళెవరైనా ఇప్పుడు వార్డులో ఉంటే రేపు రౌండ్స్‌లో డాక్టరుగారిని అడగండి: ఏఆర్‌టీ ఏ రోజు మొదలుపెడుతున్నారు, ఆపితే ఎందుకు ఆపుతున్నారు, కేస్ షీట్‌లో రాశారా? డిశ్చార్జి కాగితం మీద మందు మొదలైన తేదీ గానీ, ఆపిన కారణం గానీ లేకపోతే మంచం దిగకముందే మాకు కబురు చేయండి. మేం వస్తాం.

ఇట్లు,
జిల్లాలో ఏఆర్‌టీ మందులు వాడుతూ బతుకుతున్నవాళ్ళం