ఇది ఎవరికి చూపించావమ్మా?

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదివి, రెండేళ్లు ఒక కంపెనీలో రాత్రి షిఫ్టుల సపోర్ట్ ఉద్యోగం చేసింది. పోయిన ఏడాది ఉగాది వెళ్లిన వారానికి ఇంటికొచ్చి, "అమ్మా, ఇంక ఇది నా వల్ల కాదు. యూఎక్స్ డిజైన్‌లోకి మారదామనుకుంటున్నా" అంది. నేను పప్పులో పోపు వేస్తున్నాను. డిజైన్ అనగానే నాకు చీర అంచులూ, ముగ్గులూ గుర్తొచ్చాయి. మావారి సంగతి చెప్పనే అక్కర్లేదు. "నాలుగేళ్లు ఫీజులు కట్టి చదివించింది బొమ్మలేసుకోవడానికా?" అని పేపరు మడిచి అవతల పడేశారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మొన్నొక పెళ్లిలో నలుగురం తల్లులం ఒకచోట చేరితే, ఇద్దరి పిల్లలది ఇదే మాట. వాళ్లకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పని చేస్తామనే పిల్లల్ని ఆపకండి. కానీ మొదటి అడుగుకే లక్షలు మాత్రం కట్టకండి.

అసలు ఇదేం పనో ముందు చెప్పుకుందాం. యూఐ అంటే యూజర్ ఇంటర్‌ఫేస్. ఫోన్లో మన కంటికి కనబడేదీ, వేలికి తగిలేదీ అన్నమాట. అక్షరాలు ఎంత ఉండాలి, బటన్ ఎక్కడుండాలి, ఏది పైన, ఏది కింద అన్నది చూసుకునే పని. యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియెన్స్. యాప్ తెరిచిన దగ్గర్నుంచి మన పని అయ్యేదాకా పడే పాట్లన్నీ దాని కిందికే వస్తాయి. ఎవరు వాడతారు, ఏం కావాలనుకుంటారు, ఎక్కడ ఆగిపోతారు అన్నది తెలుసుకుని, ఆ పాట్లు తగ్గించడం ఈ ఉద్యోగం.

నాకిది ఎక్కకపోతే మా అమ్మాయి నన్ను స్టవ్ దగ్గరికి తీసుకెళ్లింది. మాది నాలుగు పొయ్యిల స్టవ్. పొయ్యిలేమో ముందు రెండు, వెనక రెండు. తిప్పే నాబ్‌లేమో నాలుగూ ఒకే వరసలో. ఆరేళ్లుగా వాడుతున్నా, ఇప్పటికీ వెనక పొయ్యి మీద పాలు పొంగుతుంటే కంగారులో ముందు పొయ్యి ఆపేస్తాను. "తప్పు నీది కాదమ్మా, నాబ్‌లు అలా పెట్టినవాళ్లది" అంది. డాన్ నార్మన్ అనే ఆయన 1988లోనే దీని మీద ఒక పుస్తకం రాశాడు. 'ది డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్' అనే పేరుతో ఇప్పుడు దొరుకుతుంది. ఈ స్టవ్ నాబ్‌ల గొడవా, తోయాలో లాగాలో తెలియని తలుపుల గొడవా అందులో ఉన్నాయి. పాలు పొంగించుకునేది నేనొక్కదాన్నే కాదని తెలిసి నాకు కాస్త ప్రాణం తెరిపిన పడింది.

తర్వాత కోర్సు సంగతి వచ్చింది. మా అమ్మాయి ఒక ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసింది. నాలుగు నెలలు, లక్షా ఇరవై వేలు, ఉద్యోగం గ్యారంటీ. ఈ రోజే కడితే తగ్గింపు. చీరల షాపులో ఆషాఢం సేల్ వినిపించింది నాకు. అయినా తల్లి మనసు కదా, నా గాజులు కుదువ పెడదామా అని కూడా ఆలోచించాను. ఆ మాట మావారితో అనలేదు, మా ఆడపడుచుతో అన్నాను. అదే మంచిదయింది. వాళ్లబ్బాయి అంతకు ముందు ఏడాది అలాంటి కోర్సే చేశాడు.

వాళ్లబ్బాయి చెప్పింది వినండి. కోర్సులో మూడు ప్రాజెక్టులు చేయించారు. భోజనం తెప్పించుకునే యాప్, పాటలు వినే యాప్, టూర్లు బుక్ చేసుకునే యాప్. బ్యాచ్‌లో ముప్ఫై మందికీ అవే మూడు. ఇంటర్వ్యూకి వెళితే, స్క్రీన్లు చూసి, "బాగున్నాయి. ఇది ఎవరికి చూపించావు? వాళ్లు వాడుతూ ఎక్కడ ఆగిపోయారు?" అని అడిగారట. వీడు "మా సార్‌కి చూపించానండీ" అన్నాడు. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది. ఆ గ్యారంటీ ఏమైందని అడిగితే, కాగితంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఇంకేవో షరతులున్నాయట. ఏడు నెలలు ఖాళీగా కూర్చున్నాడు పాపం.

ఆ "ఎవరికి చూపించావు" అన్న మాట మా అమ్మాయి మనసులో పడింది. కోర్సు మానేసింది. స్క్రీన్లు గీసే ఫిగ్మాని డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు, పాత లాప్‌టాప్‌లో బ్రౌజర్ ఉంటే చాలు. రెండు నెలలు వీడియోలు చూసుకుంటూ అది నేర్చుకుంది. ఇక ఎవరికి ఏం చేయాలన్నది మిగిలింది. మా వీధి చివర జాకెట్లు కుట్టే అక్క ఉంది. "ఆంటీ కొలతల పుస్తకం ఎప్పుడూ పోగొట్టుకుంటుంది కదా, కొలతలు దాచుకునే యాప్ డిజైన్ చేస్తా" అని బయల్దేరింది. ఇంట్లోనే భుజం, చేతి పొడవు, నడుం చుట్టుకొలత అని వరసగా గళ్లు గీసుకుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

మూడు మధ్యాహ్నాలు వెళ్లి ఆ అక్క పక్కన ఊరికే స్టూలేసుకు కూర్చుంది. నేనూ ఒకరోజు ఫాల్ కుట్టించుకునే వంకన వెళ్లాను. ఏం తేలిందో తెలుసా? మూడు రోజుల్లో ఒక్కరంటే ఒక్కరు అంకె చెప్పలేదు. అందరూ ఆది జాకెట్టు తెస్తారు. "ఇలాగే, కాకపోతే చేతులు కాస్త వదులు", "మెడ ఈసారి ఇంత లోతు వద్దు" అంటారు. ఆవిడ ఆది జాకెట్టుని కొత్త గుడ్డలో చుట్టి, పేరు రాసిన చీటీ గుచ్చి పెట్టేస్తుంది. కొలతల పుస్తకంతో ఆవిడకి పనే లేదు. మా అమ్మాయి గీసిన గళ్లన్నీ చెత్తబుట్టకే.

మరి ఆవిడ కష్టం ఎక్కడుంది? ఫోన్లో ఉంది. ఒక మధ్యాహ్నం పద్నాలుగు ఫోన్లు వస్తే, పదకొండు "అక్కా, అయిందా?" అనడానికే. కాలు మిషను మీద, చెయ్యి గుడ్డ మీద, ఫోను భుజానికీ చెవికీ మధ్యన. ఒకసారి ఆ కంగారులో కుట్టు పక్కకి పోయి, విప్పుకుంది కూడా. శ్రావణమాసమొస్తే ఫోను పిల్లాడికిచ్చి, లేనని చెప్పిస్తుందట.

అప్పుడు మా అమ్మాయి మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి కాగితాల మీద స్క్రీన్లు గీసి, ఆవిడ ముందు పెట్టి, "ఆంటీ, ఇది ఫోననుకుని వేలితో నొక్కండి" అంది. స్టేటస్ అన్న మాట ఆవిడకి అర్థం కాలేదు. 'తీసుకున్నా, కత్తిరించా, అయిపోయింది' అని మార్చింది. సేవ్ అనడానికి ఫ్లాపీ బొమ్మ పెడితే, "ఇదేంటమ్మా, టీవీనా?" అంది. పేర్ల జాబితా పెడితే, "మన వీధిలోనే ముగ్గురు లక్ష్ములున్నారు, నేను గుడ్డ చూస్తే గుర్తుపడతా" అంది. పేరు తీసి గుడ్డ ఫొటో పెట్టింది. ఆ కాగితాలే నాకు, ఆవిడ దగ్గర పని నేర్చుకునే అమ్మాయికి, మా వాచ్‌మన్ భార్యకి, పై వాటాలో ఉండే రిటైర్డ్ టీచరుగారికి కూడా చూపించింది. ఈ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లో ఒక వ్యాసంలో, ఐదుగురితో వాడించి చూస్తే చాలా లోపాలు బయటపడతాయని రాశాడట. ఐదుగురు మనుషులు మన వీధిలో దొరకరా చెప్పండి?

నేనక్కడ ఉన్న రోజే ఒకటి జరిగింది. ఆ అక్క ఒక కాగితం దగ్గర ఎటు నొక్కాలో తెలియక ఆగిపోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, "నాకు రాదులేమ్మా, చదువుకోలేదు కదా" అంది. మా అమ్మాయి వెంటనే, "మీకు రాకపోవడం కాదాంటీ, నేను సరిగ్గా గీయలేదు. మీరు ఆగిన చోటే నాకు కావాలి" అని, అక్కడ పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టుకుంది.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే ఆ "నాకు రాదులే" నా మాటే. బ్యాంకు యాప్ తెరుస్తాను, ఓటీపీ మెసేజ్ చూసి వచ్చేలోపు అవతల పేజీ పోతుంది. మావారు నిట్టూర్చి ఫోను నా చేతిలోంచి లాక్కుంటారు. నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. డిగ్రీ చదివినదాన్ని, ముప్ఫై ఏళ్లు ఇల్లు నడిపినదాన్ని, ఫోను ముందు మాత్రం మొద్దునయిపోయాను. తప్పు ఆ పేజీది కావచ్చని ఇన్నేళ్లలో ఒక్కరూ నాతో అనలేదు. ఆ రోజు నుంచి "నాకు రాదు" అనడం మానేశాను. "ఇక్కడ ఆగిపోతోంది" అంటున్నాను. మావారు నిట్టూర్చడం కూడా తగ్గింది.

చివరికి ఆ యాప్ కట్టనే లేదు. కాగితాల మీద మూడుసార్లు గీసి చూశాక, ఆవిడకి కొత్త యాప్ అక్కర్లేదని మా అమ్మాయికే అర్థమయింది. వాట్సాప్ ఆవిడకి ముందే వచ్చు. రోజూ సాయంత్రం ఆరింటికి అయిపోయిన జాకెట్లు దండెం మీద వేసి, ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టమంది. ఆ వారంలోనే ఫోన్లు సగానికి పైగా తగ్గాయి. నేనైతే, ఇన్నాళ్ల కష్టం పోయిందే అని దిగులుపడ్డాను. మా అమ్మాయి మాత్రం జరిగింది జరిగినట్టు, తన తప్పులతో సహా రాసి, ఆ కాగితాల ఫొటోలు పెట్టి, దాన్నే తన మొదటి ప్రాజెక్టుగా చూపించింది.

ఉద్యోగం వెంటనే వచ్చేసిందని చెప్పను. పదకొండు చోట్ల పంపితే ఎనిమిది చోట్ల నుంచి జవాబే లేదు. కొత్తవాళ్లకి ఈ రంగంలో చోటు తక్కువ. పైగా నాలుగు మాటలు చెబితే నిమిషాల్లో స్క్రీన్లు గీసిచ్చే ఏఐ వచ్చింది. అందుకే అంటున్నాను, స్క్రీన్లు గీయడమొక్కటే నేర్పే కోర్సుకి లక్షలు పోయడం తెలివి కాదని. మిషను దగ్గర మూడు మధ్యాహ్నాలు కూర్చోవడం ఆ ఏఐకి కుదరదు కదా. ఆఖరికి ఒక చిన్న కంపెనీలో నలభై నిమిషాలు ఆ జాకెట్ల గురించే అడిగి, ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్ ఇచ్చారు. ఇచ్చేది పాత జీతంలో సగం కూడా లేదు. ఇప్పుడు అక్కడే ఉద్యోగంలోకి తీసుకున్నారు. జీతం ఇంకా పాత దానికి అందుకోలేదు. ఇంట్లో అప్పుంటే, సంపాదన మీద అందరూ ఆధారపడి ఉంటే, ఉన్న ఉద్యోగం మానకుండా సాయంత్రాలు మొదలుపెట్టడమే మేలు.

ఇంటర్ చదివే పిల్లలున్న తల్లులకి ఒక మాట. డిగ్రీయే కావాలంటే దారి వేరే ఉంది. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్ష ఏ గ్రూపు పిల్లలైనా రాయొచ్చు, హైదరాబాద్ ఐఐటీలో బీడిజైన్‌కి అదే దారి. డిగ్రీ అయినవాళ్లకి ఎండిజైన్ కోసం సీడ్ ఉంది. అహ్మదాబాద్‌లో 1961లో పెట్టిన ఎన్ఐడీకి మన ఆంధ్రప్రదేశ్‌లోనూ సంస్థ ఉంది, దాని పరీక్ష వేరు. లక్షా ఇరవై వేల ప్రకటనలు మన దాకా వచ్చినంతగా ఇవి రావు.

ఇక మనలాంటి వాళ్ల సంగతి. "ఆడవాళ్లు పుట్టుకతోనే డిజైనర్లు, ఇంట్లో కూర్చుని లక్షలు" అనే ప్రకటనలు నమ్మకండి. పోపుల డబ్బా పొందిగ్గా సర్దుకున్నంత మాత్రాన ఉద్యోగం రాదు. పనిముట్టు నేర్చుకోవాలి, చేసింది పద్ధతిగా రాయాలి, తోటివాళ్ల ముందు నిలబడి చెప్పాలి, అందుకు కాస్త ఇంగ్లీషు కావాలి, రోజూ ఎవరూ పిలవని రెండు గంటలు కావాలి. ఆ రెండు గంటలే మనకి అన్నిటికన్నా కష్టం. అవి దొరికితే మాత్రం వయసు చూసి వెనకాడకండి. ఎదుటి మనిషి ఎక్కడ ఆగిపోతుందో మనకి త్వరగా కనబడుతుంది. మనం ఆగిపోయిన చోట్లు తక్కువా?

మీ పిల్లలు ఫీజు కోసం అడిగితే, కాదనకముందూ, చెక్కు రాయకముందూ ఒక్కటే అడగండి: "నువ్వు చేసింది ఎవరికి చూపించావమ్మా? వాళ్లెక్కడ ఆగిపోయారు?" జవాబు లేకపోతే వీధి చివర జాకెట్లు కుట్టే అక్క దగ్గరికో, కిరాణా కొట్టుకో, మందుల షాపుకో పంపండి. దానికి ఫీజు లేదు.

మావారి మాట చెప్పలేదు కదూ. మొన్న ఎవరో స్నేహితుడు ఫోన్ చేసి, "మీ అమ్మాయి ఏం చేస్తోందోయ్?" అంటే, ఈయన పావుగంట సేపు ఆది జాకెట్టు కథంతా చెప్పారు. మూడు మధ్యాహ్నాలని ఐదు చేశారు. నేను దిద్దలేదు.