దుక్కికి ప్రమాణం పదునే, సార్ల లెక్క కాదు

నంద్యాల జిల్లా బనగానపల్లె పరిసరాల నల్లరేగడి నేలల్లో వర్షాధార శనగ ప్రధానంగా వానాకాలంలో నేల దాచుకున్న తేమతోనే పండుతుంది. అక్టోబరు, నవంబరు మాసాల్లో విత్తిన తరువాత కురిసే వాన స్వల్పం. కనుక విత్తుటకు ముందు చేసే ప్రతి దుక్కి ఆ తేమను కాపాడుతున్నదా, వృథా చేస్తున్నదా అన్నదే పరిశీలించవలసిన అంశం.

లోగడ ఈ పనిని ఎద్దుల గుంటక నిర్వహించేది. అది నేలను తిరగవేయక, పైపొరను మాత్రమే కోసి, కలుపు వేళ్లను తెంచి, పగుళ్లను పూడ్చి, పొడిమట్టిని కప్పుగా నిలిపేది. ఎద్దుల స్థానంలోకి ట్రాక్టరు రాగా, గుంటక స్థానాన్ని తొమ్మిది కర్రుల కల్టివేటరు ఆక్రమించింది. అయితే ఈ రెండింటి పని ఒకటి కాదు. కల్టివేటరు 10 నుండి 15 సెంటీమీటర్ల లోతున నేలను చీల్చి తడిమట్టిని పైకి తెస్తుంది. తొలకరిలో గట్టిపడిన నేలను గుల్లపరచడానికి ఇది ఉపయుక్తమే. కాని సెప్టెంబరు వానల అనంతరం, కర్రుల మధ్య కలుపు మిగిలిందని పదేపదే తోలితే, విత్తనం పడవలసిన పొరే ఎండిపోయి మొలక పలచబడుతుంది. పైగా ఏటా ఒకే లోతున, తడి ఆరకముందే దున్నడం వల్ల కర్రు దిగువన గట్టిపొర ఏర్పడి వాన ఇంకదు, వేరు దిగదు.

ఇందుకు రైతును నిందించుట న్యాయం కాదు. ట్రాక్టరు కిరాయి ఎకరానికి, సారుకు ఇంత అని లెక్కింపబడుతున్నది. చిన్న రైతుకు ట్రాక్టరు దొరికిన నాడే అదను. "రెండు మూడు సార్లు కల్టివేటరుతో దున్నాలి" అనే సిఫారసు కూడా ఈ ధోరణినే బలపరుస్తున్నది. సార్ల సంఖ్య చెప్పి నేల స్థితిని చెప్పని సిఫారసు అసంపూర్ణం.

పదును పరీక్షకు పరికరాలు అక్కరలేదు. కర్రు దిగే లోతునుండి తీసిన మట్టి అరచేతుల మధ్య 3 మిల్లీమీటర్ల మందపు దారంగా సాగితే నేల ఇంకా తడిగా ఉన్నట్లు. ఆ మందానికి రాకముందే విరిగిపోతే దుక్కికి అనువైనట్లు. విస్తరణ శాస్త్రవేత్తలు ప్రతి రైతు శిక్షణలోనూ దీనిని చేయించి చూపవచ్చు.

కూలీల కొరత, ఎద్దుల పోషణభారం దృష్ట్యా పాత పద్ధతికి మరలుట ఆచరణసాధ్యం కాదు. గరిక, తుంగ అలముకున్న పొలాల్లో కల్టివేటరు అవసరమూ తీరదు. కాబట్టి చేయదగినది, యంత్రాన్ని విడనాడుట కాక, ట్రాక్టరుకు అమర్చే గుంటకను కల్టివేటరుతో సమానంగా అద్దె కేంద్రాల్లో అందుబాటులో ఉంచుట. నాపరాయి పైకి తేలిన చేలకు స్ప్రింగు కర్రులు, రాళ్లు లేని రేగడికి స్థిరమైన కర్రులు అన్న భేదమూ రైతుకు తెలియజేయాలి.

1906లో స్థాపితమైన నంద్యాల పరిశోధనా స్థానం, బనగానపల్లె మండలంలోనే గల యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రం రైతుల పొలాల్లో ఈ రెండు పద్ధతులను పక్కపక్కనే ప్రదర్శించి, విత్తే నాటి తేమను, మొలక శాతాన్ని, ఎకరా దుక్కి ఖర్చును నమోదు చేయాలి. దుక్కి సిఫారసు ఆ కొలతలపై నిలవాలి.