కొవ్వాడ ఎంగిలి ఎవరి నెత్తిన?

రణస్థలం పక్కన కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల అమెరికా రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. వాడేసిన ఇంధనం ఏం చేస్తారని అడిగితే జవాబు సిద్ధం: అది వ్యర్థం కాదట, రీప్రాసెస్ చేస్తే వచ్చే ప్లుటోనియం కల్పాక్కం ఫాస్ట్ రియాక్టర్లకు మేతట. వేరే రియాక్టర్ల సంగతేమో గానీ, కొవ్వాడ విషయంలో ఇది శుద్ధ బూటకం.

2010లో అమెరికాతో కుదిరిన ఒప్పందం తీసి చదవండి. వాళ్ల ఇంధనాన్ని రీప్రాసెస్ చేయాలంటే అంతర్జాతీయ తనిఖీ కింద దానికంటూ వేరే ప్లాంటు కట్టాలి. ఏదీ ఆ ప్లాంటు? పైగా కల్పాక్కంలోని 500 మెగావాట్ల ఫాస్ట్ రియాక్టరును 2006లో మన ప్రభుత్వమే తనిఖీకి అవతల ఉంచుకుంది. తనిఖీలో ఉన్న ప్లుటోనియం తనిఖీ లేని రియాక్టరులోకి ఎలా వెళుతుంది? వెళ్లదు. కొవ్వాడలో వాడేసిన ఇంధన కడ్డీలు కొవ్వాడ నీటి తొట్లలోనే పడి ఉంటాయి. ఆ సైజు రియాక్టరు ఒక్కటే ఏడాదికి సుమారు ఇరవై టన్నులు దించుతుంది. ఆరింటికి ఎంతో మీరే లెక్కగట్టుకోండి.

ఆ కల్పాక్కం రియాక్టరుదీ ఒక కథే. 2004లో మొదలెట్టి 2010కి పూర్తన్నారు. ప్రధాని ఎదుట కోర్ లోడింగుకు శ్రీకారం చుట్టింది 2024 మార్చిలో. జపాన్‌లోని మోంజు ఫాస్ట్ రియాక్టరులో 1995లో సోడియం కారింది, 2016లో ఇక చాలని మూసేయాలనుకున్నారు. అయినా రీప్రాసెసింగ్ ఏమన్నా మాయామంత్రమా? కడ్డీని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి యురేనియం, ప్లుటోనియం తీసుకుంటారు. సీసియం, స్ట్రాన్షియం మిగిలిపోతాయి. వాటిని గాజులో బంధించి తరతరాలు కాపలా కాయాలి. 2003 జనవరిలో కల్పాక్కం రీప్రాసెసింగ్ ప్లాంటులోనే ఆరుగురు సిబ్బంది మోతాదు మించిన రేడియేషన్‌కు గురయ్యారు.

ఇంత చెప్పినా అభివృద్ధికి అడ్డమంటారు. 2010 జూలై 14న సోంపేట బీలలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్నవాళ్లకూ ఇదే పేరు పెట్టి తుపాకులు పేల్చారు. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయో ఇన్ని దశాబ్దాల్లో తేల్చలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి తెరిచారు, కారణం మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. ఇలాంటి యంత్రాంగం అణు కడ్డీలను నూరేళ్లు కనిపెట్టుకుని ఉంటుందంటే, టెక్కలి సంతలో కూడా ఎవరూ నమ్మరు.

జీడితోటల రైతులారా, భావనపాడు మత్స్యకారులారా, కొవ్వాడ దూరమనుకోకండి. జిల్లా ఒకటే, సముద్రమూ ఒకటే. ప్రజాభిప్రాయ సేకరణ సభకు వెళ్లండి. ఆ కడ్డీలు ఏ ఊరి ప్లాంటుకు, ఏ సంవత్సరంలో వెళ్తాయో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టేదాకా ఒక్క సెంటు భూమి కూడా ఇవ్వకండి.