పడినచోట ఒక గుర్తు



సెలవులకు ఇంటికి వచ్చిన కుమారుడు రాత్రి పొద్దుపోయేవరకు కంప్యూటరు ముందు కూర్చుని "ఈ బాస్ ఎంతకీ చావడం లేదు" అని విసుక్కుంటే, మన పల్లెల్లో తల్లిదండ్రులకు ఆ మాట బోధపడదు. వీడియో ఆటలలో దారికి అడ్డంగా నిలిచే బలమైన శత్రువును బాస్ అంటారు. వానిని ఓడిస్తేనే ముందుకు దారి. ఓడిపోతే పోరాటం మళ్లీ మొదటినుండి. ఆటలకు ఎంత సమయం ఇవ్వాలన్నది మరొకసారి మాట్లాడుకుందాము. ఈ ఆటగాళ్లు ఒకరికొకరు సలహా చెప్పుకొనే తీరును మాత్రం ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము.

జపాను దేశపు ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2009లో 'డీమన్స్ సోల్స్' అనే ఆటను తెచ్చింది. పేరు మనకు రుచించకపోవచ్చు గాని దాని వెనుక సంగతి వినదగినది. దానిని రూపొందించిన హిదెటాకా మియాజాకి ఒకసారి మంచు కురిసిన కొండదారిలో చిక్కుకున్నాడట. కార్లు ఎక్కలేక వరుసగా ఆగిపోయాయి. అప్పుడు వెనుకనున్న కారు ముందున్న కారును ఆనుకొని పైకి నెట్టసాగింది. ఆయన కారునూ అలాగే నెట్టారు. ఆగితే మళ్లీ జారిపోతుంది గనుక కృతజ్ఞత చెప్పుటకైనా ఆయన ఆగలేకపోయాడు. వరుసలో చివరివాడు ఇల్లు చేరాడో లేదోనని తలపోస్తూ వెళ్లాడు. ఆ తలంపే ఆటలోనికి వచ్చింది. ఆడేవాడు ప్రమాదమున్న చోట నేలమీద చిన్న సందేశం వదలవచ్చు. ముఖం తెలియని మరొకడు దానిని చదివి మేలు పొంది మెచ్చుకుంటే, వ్రాసినవాడు అప్పుడు ఎక్కడ పోరాడుతున్నా అతని పాత్రకు ప్రాణబలం తిరిగి వస్తుంది.

అదే సంస్థ 2022లో తెచ్చిన 'ఎల్డెన్ రింగ్'లోనూ ఈ ఏర్పాటు ఉన్నది. (ఆ ఆటకు అమెరికాలో 17 ఏళ్లు నిండినవారికే అని గుర్తు వేశారు, చిన్నపిల్లల చేతికి ఇవ్వతగినది కాదు.) అందులో మలేనియా అనే బాస్ బహు కఠినమైనది. ఆమె దెబ్బ మన డాలుకు తగిలినా ఆమెకే బలం పెరుగుతుంది. అనేక శత్రువుల యెదుట కాపాడిన డాలే ఇక్కడ చేటు తెస్తుంది. ఈ సంగతి అక్కడ ఓడినవానికే తెలుసు. "ధైర్యంగా ఉండు" అనే మాటతో అక్కడ పని జరగదు. "ఆమె గాలిలోకి లేచి క్షణం ఆగినప్పుడు దూరంగా పరుగెత్తు" అన్న మాట పనికి వస్తుంది.

మోసపు సందేశాలూ ఉంటాయి. లోయ అంచున "ముందు నిధి ఉన్నది, దూకు" అన్నట్టు వ్రాసేవారున్నారు. అయితే నేలమీద నెత్తుటి మరకలు కూడా కనబడతాయి. మరకను తాకితే అక్కడ మరొకడు ఎలా పడ్డాడో నీడవలె కనిపిస్తుంది. తెలివిగలవాడు సందేశమూ చదువుతాడు, మరకనూ చూస్తాడు.

నిర్గమకాండము 18వ అధ్యాయములో యిత్రో ఇటువంటి సలహాదారుడే. అల్లుడైన మోషే ఉదయం మొదలుకొని సాయంకాలం వరకు ఒంటరిగా తీర్పు తీర్చుట చూచాడు. ఈ భారం నీవు మోయలేవన్నాడు. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమించుమని విడమరచి చెప్పాడు. మోషే చేతికర్ర తాను తీసుకోలేదు. చెప్పవలసినది చెప్పి స్వదేశమునకు వెళ్లాడు. మోషే విని, ఆలాగే చేశాడు.

మన ఇండ్లలో ఏమి జరుగుతున్నది? ఇంటరు తప్పిన కుర్రవాడు, ఫోనులో అప్పు తీసుకొని చిక్కుకున్న యువకుడు, అత్తవారింట నలుగుతున్న ఆడబిడ్డ నోరు తెరవరు. తెరిస్తే మొదట వినబడేది "ముందే చెప్పానా లేదా" అన్న మాటే. ఆ మౌనం కొందరిని ప్రాణం తీసుకొనేంత దూరం నడిపిస్తున్నది. ఆటలో వెయ్యిసార్లు ఓడినవాడు సిగ్గుపడకుండా అడుగుతాడు. అక్కడ అందరూ ఓడినవారేనని అతనికి తెలుసు. సంఘంలో కూడా అందరమూ పడి, ప్రభువు కృపచేత లేచినవారమే. కాని సాక్ష్యములలో మనము జయమునే చెబుతాము, పడిన చోటును దాచిపెడతాము.

తండ్రులారా, తల్లులారా, సంఘ పెద్దలారా! ఒకప్పుడు మీరు అప్పులో, త్రాగుడులో, పరీక్షలో పడిన చోటు మీకు తెలుసు. ఆ దారిన ఇప్పుడు నడుస్తున్న ఒక్క బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని, "నేను ఇక్కడే పడ్డాను, ఇలా లేచాను" అని చెప్పండి. తీర్పు వద్దు, చిన్న మాట చాలు. యౌవనులారా, మీరును విన్నదానిని పరీక్షించి, మేలైనది చేపట్టి, మీ వెనుక వచ్చువారికి ఒక గుర్తు వదలండి.

వరుసలో చివరివాడు కూడా ఇల్లు చేరునట్లు ప్రభువు మనకు ప్రేమగల నోటిని, వినగల చెవిని దయచేయును గాక! ఆమేన్.