ఊరిపేరు ఎవరి సొత్తు?

ఊరిపేరునకు యజమాని యెవ్వడు, నచ్చినవారు వాడుకొందురని కొందఱు వర్తకులు వాదించుచున్నారు. ఈ వాదమును మేమంగీకరింపము.

జనగామ చెంతనున్న పెంబర్తిలో విశ్వకర్మలు ఇత్తడిరేకును సుత్తితో మలచి కలశములును దేవాలయవాహనముల తొడుగులును చేయుదురు. యంత్రమున వత్తిన రేకును పెంబర్తిపని యని యమ్మువాడు తరతరముల నమ్మకమును దొంగిలించుచున్నాడు. ఇత్తడి యెల్లరిది, పేరు మాత్రము కాదు.

1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద పెంబర్తిపనికి రక్షణ లభించినది. వ్యాపారచిహ్నమును యజమాని యమ్ముకొనవచ్చును. ఊరిపేరు నట్లు అమ్ముటకుగాని తాకట్టు పెట్టుటకుగాని వీలులేదు. అప్పులవాడును దానిని వ్రాయించుకొనజాలడు. మంచిదే. కాని పదేండ్లకొకసారి నమోదును పునరుద్ధరింపవలెను. పనివాడు తానును అధీకృత వినియోగదారుగా నమోదు కావలెను. కానిచో తన యూరిపేరుకై తానే వ్యాజ్యము వేయలేడు! కూలి మానుకొని కార్యాలయముల చుట్టు తిరుగుమనుట న్యాయమా? అధికారులే వాని గడపకు పోవలెను.

2025 లో వరంగల్ చపాటా మిరపకును ఈ గుర్తింపు వచ్చినది. మహబూబాబాదు జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధనాకేంద్రము ఇందుకు పాటుపడినది. కారము తక్కువ, ఎరుపు మెండు. కల్తీవర్తకునకు ఇంతకన్న అనువైన పేరేది? భూపాలపల్లి రైతును ఆ పట్టికలో చేర్చు పని వచ్చే పచ్చళ్ల కాలమునకు ముందే మొదలుకావలెను.