మారిన చప్పుడు

మీరు పాఠం చదువుకుంటున్నారు. పక్క గదిలో అమ్మ మిషను కుడుతున్నది. కాసేపటికి ఆ చప్పుడు మీకు వినిపించినట్టే ఉండదు. కాని సూది విరిగి చప్పుడు మారగానే చటుక్కున తల ఎత్తుతారు!

విననివారికి మార్పు ఎలా తెలిసింది? మీరు మరిచినా మెదడు వింటూనే ఉంటుంది. ఒకే చప్పుడు పదేపదే వస్తే దాన్ని గుర్తుంచుకుని, దానికి స్పందించటం తగ్గిస్తుంది. మధ్యలో వేరే చప్పుడు వస్తే, సెకండులో సుమారు అయిదోవంతు కాలంలోనే మెదడులో చిన్న విద్యుత్తరంగం లేస్తుంది. దీన్ని 1978లో ఫిన్లండు శాస్త్రజ్ఞుడు రిస్టో నాటానెన్, ఆయన సహచరులూ వెల్లడించారు.

నిద్రపోయే పసిపిల్లలలో కూడా ఈ తరంగం కనిపిస్తుంది. ఒళ్ళు తెలియని రోగి తలకు తీగలు అమర్చి, చప్పుళ్ళు వినిపించి, కొందరు వైద్యులు దీనికోసం చూస్తారు. అది కనిపిస్తే, రోగికి మళ్ళీ తెలివి వస్తుందన్న ఆశ బలపడుతుంది.