పతకం తెచ్చి మళ్లీ కాలేజీకే

అమెరికాలో పెపర్‌డైన్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లకు వాలీబాల్ నేర్పిన కోచ్ మార్వ్ డన్‌ఫీ. 1978లోనే ఆ జట్టుచేత జాతీయ కళాశాలల టైటిల్ గెలిపించారు. తర్వాత దేశపు జట్టు ఆయన చేతికొచ్చింది. 1986లో ప్రపంచ ఛాంపియన్‌షిప్, 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో సోవియట్ జట్టును ఓడించి బంగారు పతకం!

అంత పేరొచ్చాక ఇంకొకరైతే పెద్ద కుర్చీ వెతుక్కునేవారు. ఆయన మాత్రం మళ్లీ ఆ కాలేజీ కోర్టుకే వచ్చి, 2017 దాకా అక్కడే ఉన్నారు. మధ్యలో 1992, 2005లలో మరి రెండు టైటిళ్లు.

మన పల్లెల్లోనూ పొద్దువాలితే వల కట్టే కుర్రాళ్లకు, ఎగిరి స్మాష్ కొట్టేవాళ్లకు కొదవలేదు. టోర్నమెంటుకు వారం ముందు ఎవరినో పిలిపించి మమ అనిపిస్తే అది శిక్షణ అవుతుందా? ఏళ్ల తరబడి ఒకేచోట ఉండి నేర్పే కోచ్‌లు జిల్లాలో ఎన్ని కాలేజీలకున్నారు?